34 ఏళ్లకే మూత్రసంచి క్యాన్సర్: ఒకసారి గడ్డ తీశాక మళ్లీ ఆపరేషన్ ఎందుకు?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. సిరిసిల్లలో నూలుకు రంగులద్దే యూనిట్‌లో 16 ఏళ్లుగా పని చేస్తున్నాను. రోజుకు ఒక కట్ట బీడీలు తాగుతాను. గత ఎండాకాలంలో ఒకరోజు ఒంటికి పోతే ఎర్రగా వచ్చింది. నొప్పి లేదు. వేడి చేసిందనుకుని సబ్జా గింజలు, బార్లీ నీళ్లు తాగితే రెండు రోజుల్లో తగ్గింది. దసరాకు మళ్లీ వచ్చింది. ఊళ్లో డాక్టర్ ఐదు రోజులు యాంటీబయాటిక్ ఇచ్చారు, తగ్గింది. సంక్రాంతికి గడ్డలు గడ్డలుగా రక్తం పడింది. స్కానింగ్‌లో మూత్రసంచి పక్కగోడకు 2.4 సెంటీమీటర్ల గడ్డ ఉందన్నారు. హైదరాబాద్‌లో మూత్రనాళం గుండా కెమెరా పంపి తీశారు. ‘హై గ్రేడ్, టీ1, నమూనాలో కండర పొర లేదు’ అని బయాప్సీ రిపోర్టు వచ్చింది. నాలుగు వారాలకు మళ్లీ ఆపరేషన్ చేసి, తర్వాత బీసీజీ ఎక్కిస్తామంటున్నారు. అంటే మొదటిసారి సరిగ్గా చేయలేదా? బీసీజీతో టీబీ వస్తే ఎలా? మూత్రసంచి మొత్తం తీసేయాల్సి వస్తుందా? పెళ్లయి మూడేళ్లయింది, ఇంకా పిల్లలు లేరు. నా వయసులో ఇది ఎందుకు వచ్చింది?

సమాధానం: రెండో ఆపరేషన్ మానకండి, వాయిదా కూడా వేయకండి. మీరు అడిగిన మిగతా ప్రశ్నల్లో సగానికి జవాబు ఆ ఆపరేషన్‌లో తీసే ముక్కల్లోనే ఉంది. మీ రిపోర్టు చదివిన వాళ్లందరి చూపూ ‘హై గ్రేడ్’, అంటే వేగంగా ముదిరే రకం, అనే మాట దగ్గరే ఆగిపోతుంది. ఇప్పటికిప్పుడు అంతకంటే ముఖ్యమైనది చివరి వాక్యం, నమూనాలో కండర పొర లేదన్నది.

మూత్రసంచి గోడకు లోపలివైపు పలుచటి పూతలాంటి పొర ఉంటుంది. దాని కింద రక్తనాళాలున్న మెత్తటి పొర, ఆ కింద మూత్రాన్ని బయటికి నెట్టే మందపాటి కండరం, దాని చుట్టూ కొవ్వు. గడ్డ పై పూతలోనే ఉంటే టీఏ అంటారు. మెత్తటి పొరలోకి దిగితే టీ1. కండరంలోకి పోతే టీ2. టీ1 వరకు మూత్రసంచిని ఉంచుకునే వైద్యం చేస్తారు. టీ2 అయితే దారి మొత్తం మారిపోతుంది. ఈ రెంటికీ నడుమ సరిహద్దు కండరమే. పంపిన ముక్కల్లో కండరమే లేకపోతే గడ్డ అక్కడిదాకా వెళ్లలేదని వాటిని పరీక్షించే పాథాలజిస్టు ఎలా చెప్పగలరు? బావిలోకి వదిలిన తాడు అడుగు తగలకుండానే అయిపోతే బావి లోతు తాడంతే అనుకోలేం కదా. మీ టీ1 ప్రస్తుతానికి అలాంటి కొలతే.

టీ1 గడ్డ తీసిన చోట రెండోసారి చూస్తే దాదాపు సగం మందిలో ఎంతో కొంత మిగిలి కనిపిస్తుంది. సుమారు పది మందిలో ఒకరికి జబ్బు నిజానికి కండరంలోకి వెళ్లిందని తేలుతుంది. మొదటి నమూనాలో కండరం లేనివాళ్లలో ఈ పాళ్లు ఇంకా ఎక్కువ. అందుకే మొదటి నమూనాలో కండరం ఉండి అది శుభ్రంగా కనిపించినా, టీ1 హై గ్రేడ్ అయితే రెండు నుంచి ఆరు వారాల్లో మళ్లీ లోపల చూసి, అదే చోట లోతుగా గీసి తీస్తారు. ఎంత పెద్ద సర్జన్ చేసినా మీకు ఈ రెండో విడత తప్పేది కాదు.

ఇక మొదటిసారి సరిగ్గా చేయలేదా అన్న అనుమానం. మీ గడ్డ పక్కగోడకు ఉందని రాశారు. మూత్రసంచి పక్కగోడకు అవతల, తొడ కండరాలకు పోయే ఆబ్చురేటర్ నరం ఉంటుంది. కరెంటు తీగతో గడ్డను కోస్తున్నప్పుడు ఆ కరెంటు నరానికి తగిలితే కాలు ఒక్కసారిగా లోపలికి ఎగిరిపడుతుంది. ఆ కుదుపుకు తీగ గోడను చీల్చుకుని బయటికి పోయే ప్రమాదం ఉంది. నడుముకు మత్తు ఇచ్చినా ఈ కుదుపు ఆగదు, ఎందుకంటే నరం ప్రేరేపితమయ్యేది మత్తు ఇచ్చిన చోటుకు కిందివైపున. అందువల్ల పక్కగోడ మీది గడ్డను కొందరు సర్జన్లు జాగ్రత్తపడి పైపైనే కోస్తారు. గోడకు చిల్లు పడడం కంటే కండరం దొరక్కపోవడమే నయం. కాబట్టి సర్జన్ మీద కోపం పెంచుకుని ఆస్పత్రులు మారుతూ నెలలు పోగొట్టుకోకండి. రెండోసారి ఆ ఆబ్చురేటర్ నరానికి విడిగా మత్తు ఇస్తారా, లేక పూర్తి మత్తుతో కండరాలు సడలించే మందు ఇస్తారా అని అడగండి. గడ్డ అడుగు నుంచి తీసిన ముక్కలను వేరే సీసాలో పంపమనండి. అన్నీ ఒకే సీసాలో కలిస్తే ఏది పైపొరదో ఏది అడుగుదో తెలియదు.

మొదటి ఆపరేషన్ నాటి స్లైడ్లు, ముక్కలను నిలవుంచిన మైనపు దిమ్మలు ల్యాబ్ నుంచి అడిగి తీసుకోండి. వాటిని క్యాన్సర్ ఆస్పత్రి పాథాలజిస్టుతో ఇంకోసారి చదివించడం మంచిది. టీఏకూ టీ1కూ తేడా చెప్పడం నిపుణులకూ కష్టమైన పనే. ముక్కలు కరెంటు వేడికి మాడితే మరీ కష్టం. రెండో రిపోర్టులో మూడు విషయాలు చూడండి. కండరం ఉందా, ఉంటే అందులో జబ్బు ఉందా? సీఐఎస్ అనే చదునైన హై గ్రేడ్ జబ్బు పక్కన ఎక్కడైనా ఉందా? రక్తనాళాల్లో, లింఫ్ నాళాల్లో కణాలు కనిపించాయా? వీటిని బట్టే తర్వాతి నిర్ణయాలన్నీ. ఇప్పటిదాకా సీటీ యూరోగ్రామ్, అంటే మూత్రం వచ్చే దారి మొత్తాన్ని చూసే సీటీ స్కాన్, తీయకపోతే అదీ అడగండి. మూత్రసంచికి ఉన్న పూతే మూత్రపిండాల లోపలి గిన్నెల్లోనూ, అక్కడి నుంచి దిగే నాళాల్లోనూ ఉంటుంది. అక్కడ కూడా గడ్డ లేదని తేల్చుకోవాలి.

ఆపరేషన్ తర్వాత ఒకటి రెండు రోజులు గొట్టం ఉంటుంది. ఇంటికి వెళ్లిన పది పదిహేను రోజులకు మళ్లీ కాస్త ఎర్రగా పడవచ్చు. లోపల గాయం మీది పక్కు ఊడినప్పుడు అలా అవుతుంది, నీళ్లు ఎక్కువ తాగితే తేలిపోతుంది. గడ్డకట్టిన రక్తం అడ్డుపడి మూత్రం ఆగిపోయినా, పొత్తికడుపు ఉబ్బి నొప్పి వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లండి. రెండు మూడు వారాలు నూలు బేళ్లు, నీళ్ల డ్రమ్ములు ఎత్తొద్దు. మలబద్ధకం రాకుండా చూసుకోండి, ముక్కితే రక్తం వస్తుంది.

రెండో ఆపరేషన్‌లో కండరం శుభ్రంగా ఉంటే వచ్చేది బీసీజీ. మీ భయం ఈ మందు మొదలుపెట్టే ప్రతి ఇంట్లోనూ ఉండేదే. చిన్నప్పుడు భుజానికి వేసే టీకాలో ఉన్న క్రిమే ఇది, బలహీనపరిచిన పశువుల టీబీ క్రిమి. కాకపోతే ఇక్కడ మోతాదు ఎన్నో రెట్లు ఎక్కువ, ఇచ్చేది సూదితో కాదు, గొట్టం ద్వారా నేరుగా మూత్రసంచిలోకి. మూత్రసంచి గోడ దీన్ని చూసి మంటెక్కుతుంది, రక్షణ కణాలు గుంపుగా వస్తాయి, ఆ కోపంలో మిగిలిపోయిన క్యాన్సర్ కణాలను కూడా చంపుతాయి. 1976లో కెనడాలోని కింగ్‌స్టన్‌లో ఆల్వారో మొరాలెస్ అనే యూరాలజిస్టు తొమ్మిది మంది రోగుల్లో దీని ఫలితాన్ని ప్రచురించారు. అర్ధశతాబ్దం గడిచినా హై గ్రేడ్ పైపొర జబ్బులో మొదటి స్థానం దీనిదే.

ఆపరేషన్ గాయం మానకముందే ఇస్తే క్రిమి రక్తంలోకి పోతుంది. అందుకే కనీసం రెండు వారాలు ఆగి మొదలుపెడతారు. మొదట వారానికి ఒకటి చొప్పున ఆరు. తర్వాత 3, 6, 12, 18, 24, 30, 36 నెలల్లో వారానికొకటి చొప్పున మూడేసి. అన్నీ కలిపితే 27 మోతాదులు, మూడేళ్లు. మంట తట్టుకోలేక మధ్యలో మానేసేవాళ్లు చాలామందే. అయితే మొదటి ఆరింటితోనే ఆపేస్తే రక్షణ నిలవదు, కనీసం ఒక ఏడాది నిలకడ మోతాదులు పూర్తయితేనే ప్రయోజనం. మంట ఎక్కువైతే మానేయకుండా డాక్టర్‌కు చెప్పండి. మోతాదు తగ్గించి, లేదా ఒక వారం ఆపి మళ్లీ ఇవ్వొచ్చు.

బీసీజీ రోజున నాలుగు గంటల ముందు నుంచి నీళ్లు, టీ తగ్గించండి. లేకపోతే లోపల మూత్రం చేరి మందు పలచబడుతుంది, రెండు గంటలు ఆపుకోవడమూ కష్టమవుతుంది. మూత్రం పూర్తిగా పోసి పడుకుంటే సన్నటి గొట్టం వేసి 50 మి.లీ. సెలైన్‌లో కలిపిన మందును దానంతట అదే దిగేలా వదులుతారు. సిరంజితో బలంగా నెట్టకూడదు. గొట్టం వేస్తుంటే రక్తం వచ్చినా, ఆ వారం మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా, జ్వరం ఉన్నా ఆ రోజు మందు ఎక్కించకూడదు. బీసీజీ వల్ల వచ్చే ప్రమాదకరమైన సమస్యల్లో ఎక్కువ భాగం ఈ నియమం తప్పినప్పుడు వచ్చేవే. గొట్టంతో గాయమైంది, అయినా దూరం నుంచి వచ్చారు కదా అని ఎక్కించేశారు, రాత్రికి చలి జ్వరం. అలాంటప్పుడు సిరిసిల్ల నుంచి ఛార్జీలు పెట్టుకుని వచ్చాం కదా అని మీరే పట్టుబట్టొద్దు. వారం ఆలస్యమైతే నష్టం లేదు.

మందు లోపల రెండు గంటలు ఉండాలి, అంతకు మించి ఉంచొద్దు. ఆ తర్వాత ఆరు గంటల పాటు మూత్రానికి వెళ్లినప్పుడల్లా కూర్చునే పోయండి, చిందదు. దొడ్డిలో మూత్రమంత బట్టల బ్లీచ్ ద్రావణం పోసి 15 నుంచి 20 నిమిషాలు ఉంచి, అప్పుడు నీళ్లు కొట్టండి. బ్లీచ్ పోసే రోజు దొడ్డి కడిగే యాసిడ్ మాత్రం వాడకండి. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుట్టి ఊపిరి ఆడదు. ఆపైన చేతులు, ఒళ్లు సబ్బుతో కడుక్కుంటే చాలు. ఇంట్లోవాళ్లతో కలిసి తినడానికి, ఒకే గదిలో పడుకోవడానికి ఏ అడ్డూ లేదు.

ఆ రాత్రి మంట, గంటగంటకూ మూత్రం, లేత ఎరుపు, ఒళ్లు నొప్పులు, కొద్దిపాటి జ్వరం వస్తాయి. ఒకటి రెండు రోజుల్లో పోతాయి, పారాసిటమాల్ సరిపోతుంది. జ్వరం 101.3 ఫారన్‌హీట్ దాటి 24 గంటలకు మించినా, చలి వణుకు వచ్చినా, వృషణం వాచినా, కీళ్లు పట్టేసినా, వారం దాటినా దగ్గు, జ్వరం వదలకపోయినా అది మామూలు మంట కాదు, బీసీజీ క్రిమి ఒంట్లో పాకుతోందని అనుమానించాలి. ఇలా చాలా కొద్దిమందికే అవుతుంది, టీబీ మందులతో నయమవుతుంది. ఒక సంగతి గుర్తుంచుకోండి. మన దగ్గర టీబీకి మామూలుగా ఇచ్చే నాలుగు మందుల్లో పైరజినమైడ్ ఈ క్రిమి మీద పని చేయదు. ఐసోనియజిడ్, రిఫాంపిసిన్, ఇథాంబ్యుటాల్ పని చేస్తాయి. జ్వరంతో ఏ ఆస్పత్రికి వెళ్లినా ‘నాకు మూత్రసంచిలో బీసీజీ ఎక్కించారు, ఫలానా తేదీన’ అని ముందే చెప్పాలి. చెప్పకపోతే మలేరియా, టైఫాయిడ్ అంటూ రోజులు గడిచిపోతాయి.

మీకు గతంలో టీబీ వచ్చిందా, ఇంట్లో ఎవరికైనా ఉందా, స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నారా అన్నది మొదలుపెట్టకముందే చెప్పండి. ఒంట్లో టీబీ చురుగ్గా ఉన్నా, రక్షణ శక్తి తగ్గించే మందులు వాడుతున్నా బీసీజీ ఇవ్వరు. ఈ మందుకు ప్రపంచమంతటా కొరత వస్తూ పోతూ ఉంటుంది. దొరకనప్పుడు జెమ్‌సిటబిన్ అనే కీమో మందును మూత్రసంచి లోపల పెట్టి తీసేసి, వెంటనే డోసిటాక్సెల్ అనే ఇంకో కీమో మందు పెట్టే పద్ధతి ఉంది, ఫలితాలు బాగున్నాయి. మందు లేదంటే ఊరికే కూర్చోకుండా దీని గురించి అడగండి.

బీసీజీ మొదలయ్యాక మూడు నెలలకు సిస్టోస్కోపీ. మొదటి రెండేళ్లు మూడు నెలలకోసారి, ఐదేళ్లు వచ్చేవరకు ఆరు నెలలకోసారి, ఆ తర్వాత ఏడాదికొకటి, జీవితాంతం. మత్తు జెల్లీ వేసి మెత్తటి కెమెరాతో అయిదారు నిమిషాల్లో చూసేస్తారు. స్కానింగ్‌లో ఏమీ కనిపించలేదు కదా అని ఇది మానేయడం, ఈ జబ్బులో మనవాళ్లు చేసే పెద్ద పొరపాటు. అయిదు మిల్లీమీటర్ల లోపు గడ్డ, చదునైన సీఐఎస్ స్కానింగ్‌కు చిక్కవు. వయసులో ఉన్నవాళ్లు పనిలో పడి ఏడాది తిరక్కుండానే కనిపించడం మానేస్తారు. మీ ముందు ఇంకా నలభై ఏళ్ల జీవితం ఉంది, కాబట్టి ఈ పరీక్షలు అరవై ఏళ్లవారి కంటే మీకే ఎక్కువ అవసరం.

మూత్రసంచి తీసేయాల్సి వస్తుందా అన్నదానికి ఇప్పుడే అవుననీ కాదనీ చెప్పకూడదు. ఏ పరిస్థితుల్లో ఆ మాట వస్తుందో చెప్పొచ్చు. రెండో ఆపరేషన్‌లో కండరంలో జబ్బు కనిపిస్తే వస్తుంది. కండరం శుభ్రంగా ఉన్నా టీ1 జబ్బు మళ్లీ మిగిలి ఉంటే, పక్కన సీఐఎస్ ఉంటే, నాళాల్లోకి కణాలు దూరితే, బీసీజీకి ముందే తీసేయడం గురించి డాక్టర్ మీతో మాట్లాడాలి. సరిపడా బీసీజీ ఇచ్చాక ఆరు నెలల లోపే హై గ్రేడ్ గడ్డ తిరగబెడితే, ఇంకా బీసీజీ పోస్తూ పోవడం కాలం వృథా చేయడమే. పైపొరలో ఉండగా తీసేస్తే ఎక్కువమందిలో జబ్బు పూర్తిగా పోతుంది. కండరం దాటి లింఫ్ గ్రంథులకు పాకాక తీస్తే ఆ భరోసా ఉండదు. చిన్నవయసు కదా, సంచి ఉంచుదాం, ఇంకో ఛాన్స్ చూద్దాం అని జాలిపడి జాప్యం చేయడం వల్లే కొందరు యువకులు చేతికి దక్కకుండా పోయారు. ఈ ఒక్క విషయంలో మీ వయసు జాలి చూపడానికి కాదు, తొందరపడడానికి కారణం.

ఒకవేళ టీ2 అని తేలితే ముందు సిస్‌ప్లాటిన్ కలిసిన కీమో ఇస్తారు. జెమ్‌సిటబిన్‌తో కలిపి మూడు వారాలకోసారి, నాలుగు విడతలు. దీనికి మూత్రపిండాలు బాగా పని చేయాలి, చెవి వినికిడి బాగుండాలి. మీ వయసువాళ్లు దీన్ని పెద్దవాళ్ల కంటే బాగా తట్టుకుంటారు. తర్వాత మూత్రసంచి, ప్రోస్టేట్, చుట్టుపక్కల లింఫ్ గ్రంథులు తీసేస్తారు. మూత్రం బయటికి పోయే దారికి చిన్నపేగు వాడతారు. పొట్ట మీద చిన్న నోరు పెట్టి బ్యాగు తగిలించడం ఒక పద్ధతి, సులువైనది. రెండోది, 40 నుంచి 60 సెంటీమీటర్ల పేగుతో కొత్త సంచి కుట్టి పాత మూత్రనాళానికే కలపడం. మూత్రపిండాలు బాగున్న, చేతులతో పనులు చేసుకోగల యువకులకు రెండోది తరచూ సరిపోతుంది.

కొత్త సంచికి మూత్రం వస్తున్నట్టు తెలియదు. మొదట్లో రెండు గంటలకోసారి, రాత్రి అలారం పెట్టుకుని లేచి, కూర్చుని పొట్ట బిగించి పోయాలి. మెల్లగా మూడు, నాలుగు గంటలకు పెంచుకుంటూ పోతే 400 నుంచి 500 మి.లీ. పట్టేలా సాగుతుంది. పగలు తడవకుండా ఉండడానికి కొన్ని నెలలు, రాత్రికి ఏడాది కూడా పట్టొచ్చు. పేగు కాబట్టి జిగురు వస్తుంది, ఒంట్లో ఆమ్లం పెరిగితే సోడా బైకార్బ్ మాత్రలు ఇస్తారు. గడ్డ ఒక్కటే ఉండి, మూత్రపిండం వాపు లేకుండా, సీఐఎస్ లేకుండా ఉంటే, గడ్డను వీలైనంత గీసి తీసేసి కీమోతో కలిపి రేడియేషన్ ఇచ్చి మూత్రసంచిని కాపాడే దారీ ఉంది. అప్పుడు కూడా సిస్టోస్కోపీలు జీవితాంతం ఉంటాయి. సర్జన్ ఒక్కరినే అడిగి ఊరుకోకుండా రేడియేషన్ డాక్టర్‌తోనూ ఒకసారి మాట్లాడండి.

పిల్లల గురించి. గడ్డ గీసి తీసే ఆపరేషన్ వల్ల సంతానానికి అడ్డు లేదు. అసలు చిక్కు కీమోతోనూ, మూత్రసంచి తీసేయడంతోనూ. సిస్‌ప్లాటిన్ వీర్యకణాలను దెబ్బతీస్తుంది. ప్రోస్టేట్‌తో పాటు తీసేశాక వీర్యం రాదు. నరాలను కాపాడుతూ చేసినా అంగస్తంభన ఇబ్బంది నెలల తరబడి ఉండొచ్చు. బీసీజీ సమయంలోనూ వీర్యకణాలు తగ్గినట్టు కొన్ని పరిశీలనల్లో కనిపించింది. అందుకని రెండో ఆపరేషన్‌కు ముందున్న ఈ నాలుగు వారాల్లోనే వీర్యం భద్రపరచుకోండి. మూడు నుంచి ఐదు రోజులు కలయిక ఆపి, ఒకటి రెండుసార్లు నమూనా ఇవ్వాలి. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ రక్తపరీక్షలు చేస్తారు, నిల్వకు ఏడాదికింత అని ఫీజు ఉంటుంది. మొదటి ఆపరేషన్ తర్వాత వీర్యంలో రక్తం కనిపిస్తే భయపడొద్దు, అది తగ్గాకే నమూనా ఇవ్వండి. బీసీజీ ఎక్కించిన 48 గంటలు కలయిక వద్దు, ఆ వారమంతా కండోమ్ వాడాలి. మోతాదుల మధ్య నెలల్లో బిడ్డ కోసం ప్రయత్నించాలనుకుంటే ముందు డాక్టర్‌తో మాట్లాడండి. ఇవన్నీ మీ భార్యను పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. మూడేళ్ల వైద్యం ఇద్దరూ కలిసి మోయాల్సింది.

నా వయసులో ఎందుకు అన్నారు. ఇది ఎక్కువగా అరవై, డెబ్బై ఏళ్లవాళ్లకు వచ్చే జబ్బే. నలభై లోపువాళ్లు నూటికి ఒకరిద్దరు. వాళ్లలోనూ చాలామందికి వచ్చేది లో గ్రేడ్, పై పూతకే పరిమితమైనది, ఒకసారి తీసి కెమెరాతో కనిపెట్టుకుని ఉంటే సరిపోయేది. చిన్నవయసులో వస్తే మెత్తటిదే అన్న మాట అక్కడి నుంచే పుట్టింది. మీలా హై గ్రేడ్ వచ్చినప్పుడు ఆ మాట వర్తించదు. అదే దశలో ఉన్న పెద్దవాళ్లకు ఏ వైద్యం కావాలో మీకూ అదే కావాలి.

కారణాల్లో మొదటిది పొగ. ఈ క్యాన్సర్లలో దాదాపు సగం పొగ వల్లే. బీడీ పొగలోని ఆరోమాటిక్ అమీన్లు అనే రసాయనాలు రక్తంలో కలిసి, మూత్రంలో చిక్కబడి, గంటల తరబడి మూత్రసంచి గోడను తాకుతూ నిలవుంటాయి. రంగుల పరిశ్రమలోనూ ఇదే జాతి రసాయనాలు. 1895లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో లుడ్విగ్ రేన్ అనే సర్జన్ రంగుల కర్మాగారం కూలీల్లో మూత్రసంచి గడ్డలు వస్తున్నాయని మొదట చూపించారు. బెంజిడిన్ నుంచి చేసే రంగులను మన దేశంలో 1990ల్లో నిషేధించారు. మీరు వాడిన డబ్బాల్లో ఏముందో చెప్పలేను కాబట్టి మీ జబ్బు రంగుల వల్లే అని తేల్చలేను. కానీ 16 ఏళ్లు రంగుపని, ఎన్నేళ్ల నుంచి బీడీలు అన్నది కేసు షీటులో రాయించండి. డాక్టర్లు అడగకపోయినా మీరే చెప్పండి. ఇకపై పొడి తూచే చోట, రంగునీళ్ల తొట్టి దగ్గర కాకుండా వేరే పని అడగండి. తప్పకపోతే మోచేతుల దాకా రబ్బరు గ్లౌజులు, ముఖానికి మాస్కు ఉండాలి, రంగు చేతులతో అన్నం ముట్టొద్దు. బీడీ ఈరోజే మానాలి. జబ్బు వచ్చాక మానితే ఏం లాభం అనుకోకండి, తాగుతూనే ఉన్నవాళ్లలో గడ్డ తిరగబెట్టడం ఎక్కువ.

మీ ఉత్తరంలో మనసు కలుక్కుమనిపించింది సబ్జా గింజల ముచ్చట. మూత్రం ఎర్రగా వస్తే వేడి అనుకోవడం మన ఇళ్లలో పెద్దల నుంచి వచ్చింది, తప్పు మీది కాదు. కానీ గడ్డ నుంచి వచ్చే రక్తం సబ్జా తాగినా తాగకపోయినా దానంతట అదే ఆగుతుంది, మళ్లీ వస్తుంది. యాంటీబయాటిక్‌తో తగ్గినట్టు కనిపించడమూ అంతే. రాళ్లైతే నొప్పి, ఇన్‌ఫెక్షనైతే మంట. నొప్పి లేకుండా, మంట లేకుండా ఒక్కసారి ఎర్రగా వచ్చినా, బీట్‌రూట్ తినలేదు, రిఫాంపిసిన్ మాత్ర వేసుకోలేదు అనుకుంటే, మూత్రపరీక్ష, నిండు మూత్రసంచితో స్కానింగ్, ఆపైన సిస్టోస్కోపీ చేయించుకోవాల్సిందే. ఈ ఉత్తరం చదువుతున్న ఆడవాళ్లకు ఇది మరీ ముఖ్యం. వాళ్ల రక్తాన్ని నెలసరి లెక్కలోనో, యూరిన్ ఇన్‌ఫెక్షన్ లెక్కలోనో వేసేసి నెలలకు నెలలు మందులిస్తుంటారు.

నాటుమందుల వాళ్లు మిమ్మల్ని ఇప్పటికే పలకరించి ఉంటారు. గాడిదగడపాకు, ఈశ్వరి వేరు ఉన్న కషాయం ఏదైనా ఇస్తే నోట్లో వేసుకోకండి. అవి అరిస్టలోకియా జాతి మొక్కలు. వాటిలోని ఆమ్లం మూత్రపిండాలను పాడుచేస్తుంది, అక్కడి నుంచి దిగే నాళాల్లో క్యాన్సర్ పుట్టిస్తుంది. మీకు సరిగ్గా చేయకూడని పని అదే.

ఖర్చు సంగతికి వస్తే, తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో పది లక్షలకు పెంచారు. హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రి, నిమ్స్ ఉన్నాయి. ఆపరేషన్‌తో పాటు బీసీజీ మోతాదులు, సిస్టోస్కోపీలు ఏ మేరకు వర్తిస్తాయో ఆరోగ్యమిత్ర దగ్గర ముందే అడగండి. మీ యూనిట్ జీతంలోంచి ఈఎస్ఐ కడుతుంటే ఆ కార్డు కూడా చూపించండి.

ఆపరేషన్ తేదీకి వారం ముందు మూత్రం కల్చర్ పరీక్ష చేయించండి, ఇన్‌ఫెక్షన్ బయటపడితే అప్పటికి తగ్గించుకోవచ్చు. ఆస్పిరిన్ లాంటి రక్తం పలచబరిచే మాత్రలు వాడుతుంటే చెప్పండి. మొదటి ఆపరేషన్ నోట్సు, బయాప్సీ రిపోర్టు, స్లైడ్లు, స్కాన్ సీడీ ఒకే సంచిలో పెట్టుకుని వెళ్లండి. రెండో బయాప్సీ రిపోర్టు చేతికి వచ్చాక అందులో కండరం గురించి ఏం రాశారో మాకు రాయండి, అక్కడి నుంచి మాట్లాడుకుందాం.